ముందు దిష్టి చుక్క పెట్టు

గద్వాలలో పోయినవాళ్ల ఫోటోలు చూసి రంగుల బొమ్మలు గీసే పెయింటర్ దుకాణం అది. పిల్లవాణ్ణి చంకనెత్తుకున్న ఒక పడుచు తల్లి, కొంగు చాటున ఫోటో పట్టుకుని గడప దగ్గరే ఆగిపోయింది.

“మా మోతి ఫోటో తెమ్మన్నవంట. ఎందుకన్నా? అది బతికే ఉన్నది గదా!”

“అందుకే చెల్లె. పోయినోళ్లను గీసి గీసి యాష్టకొచ్చింది. మీ ఇంట్ల ఆ కుక్క ఫోటో చూసినప్పటిసంది, బతికున్నదాన్ని ఒక్కసారి గియ్యాలనిపిస్తుంది.”

“గీస్తే దానికేం గాదు గద?”

“ఏం గాదు, ఇటియ్యి.”

“ఇందుల మా పిల్లగాడు గూడ ఉన్నడు. వాన్ని మాత్రం గియ్యకు.”

“కుక్క వాని ఒళ్లె తలపెట్టి పండుకున్నది. వాన్ని తీసేస్తే దాని తల గాల్ల ఉంటది.”

“నీ గోడకున్నోళ్లందరికీ నొసట బొట్లున్నయి. నాకు భయమైతుందన్నా. ఇయ్యాల్నో వద్దో తెలుస్తలేదు.”

“వానికి బొట్టు పెట్టను. బుగ్గకు దిష్టి చుక్క పెడ్త. పోయినోళ్లకు ఎవరన్న దిష్టి చుక్క పెడ్తరా?”

“పెట్టరు.”

“మరి ఇయ్యి.”

“ముందు చుక్క పెట్టు. తర్వాతనే మొఖం గియ్యి.”

“మొఖం లేనిది చుక్క యాడ పెట్టాలె చెల్లె?”

“నాకు తెల్వదు. మోతికి గూడ ఒకటి పెట్టు.”