కొండవాలున గాజు గది

పెర్సిస్ టీచరు ఆ మధ్యాహ్నం జంగారెడ్డిగూడెం నుంచి భీమడోలు దాకా బస్సులోనూ, అక్కణ్నుంచి గుండుగొలను దాకా షేర్ ఆటోలోనూ పడి వచ్చింది కోతలు వినడానికి కాదు, వరండాకి అద్దాలు పెట్టించే మనిషి కోసం.

వాళ్ల ఇల్లు జంగారెడ్డిగూడెం ఊరవతల గుట్ట వాలు మీద ఉంది. మావగారు మత్తయిగారికి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడిప్పుడే వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. వరండాలో కూర్చోబెడితే ఈదురుగాలి, జల్లు. లోపల కూర్చోబెడితే ఎదురుగా గోడ. "పొద్దుటెండ మొహాన పడి ఎన్నాళ్లయిందో అమ్మా" అని ఆయన ఒక్కసారే అన్నారు, అదీ మెల్లగా. ఆ మాట ఆవిడ మనసులో ఉండిపోయింది. వానలు పట్టేలోగా వరండా చుట్టూ గాజు పలకలు పెట్టించి, దాన్ని గదిలా చేయించాలనుకుంది. ఇద్దరు పనివాళ్లు వచ్చారు. వాలు చూశారు, మంచినీళ్లు తాగారు, వెళ్లారు. మళ్లీ ఫోనెత్తలేదు. అప్పుడు స్కూల్లో ఎవరో గుండుగొలను గంగరాజు పేరు చెప్పారు.

గంగరాజు షాపు మూసి ఉంది. పక్కనే రూతమ్మ టీ కొట్టు. "షాపులో ఎప్పుడుంటారండీ, ఇక్కడే ఉంటారు. కూర్చోండి" అంటూ రూతమ్మ బెంచీ తుడిచింది. ఆ బెంచీకి ఎదురుగా చొక్కా జేబులో కొలత టేపు పెట్టుకున్న నలభై ఐదేళ్ల మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయనే గంగరాజు. పక్కన చేపల మేత అమ్మే శ్యామ్ సుందర్ టీ ఊదుకుంటున్నాడు.

పెర్సిస్ వచ్చిన పని చెప్పింది. ఇల్లు కొండవాలు మీద ఉందనగానే గంగరాజు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"కొండవాలంటే మీరు సరైన చోటికే వచ్చారండి టీచరుగారూ. మీ ఊరు దాటాక ఓ డాక్టరుగారి ఇల్లుంది, మీ ఇల్లు లాగే గుట్ట మీద. ఆయన వరండాకి గాజు గది కట్టింది నేనే. ముందు నలుగురొచ్చి మావల్ల కాదన్నారండి. నేను వెళ్లాను, నాలుగు అల్యూమినియం స్తంభాలు పాతాను, వారం రోజుల్లో గ్లాసు బిగించి ఇచ్చేశాను."

పెర్సిస్ ప్రాణం లేచొచ్చినట్టయింది. వారం రోజులంటే వానలకి ముందే అయిపోతుంది. "పునాది ఎలా వేశారండి, వాలు మీద?" అని అడిగింది.

"వాలంటే మామూలు వాలు కాదండి. డాక్టరుగారి భార్య వరండాలో నిమ్మకాయ జారవిడిస్తే అది జంగారెడ్డిగూడెం మార్కెట్లో దొరికింది. అలాంటి చోట నడుముకి తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొస టేకుచెట్టుకి కట్టి, గాల్లో వేలాడుతూ బిగించానండి. నిజం చెప్పాలంటే వారం కూడా పట్టలేదు, మూడు రోజులు. మూడో రోజు భోజనాలకి కూడా ఇంటికే వచ్చేశాను."

"మొన్న చెప్పినప్పుడు ఐదు రోజులన్నారండి" అన్నాడు శ్యామ్ సుందర్.

"మొన్న మీకు తీరిక లేదని పూర్తిగా చెప్పలేదండి." గంగరాజు పెర్సిస్ వైపు తిరిగాడు. "ఇంక పనితనం గురించి వినండి. పలకకీ పలకకీ మధ్య చీమ దూరే సందు లేదు. చీమ దాకా ఎందుకు, గాలి కూడా లోపలికి రాలేదు. గ్లాసు ఉందో లేదో తెలిసేది కాదు. డాక్టరుగారి భార్య తుడుద్దామని గుడ్డ పట్టుకుని వచ్చి, గ్లాసు కనపడక వెనక్కి వెళ్లిపోయేది. అందులో ఎండ పడితే ఏమయ్యేదో తెలుసాండీ?"

పెర్సిస్‌కి తెలియదు. ఎండ గురించే కాబట్టి తెలుసుకోవాలనే ఉంది.

"పక్క పొలం రైతు పచ్చి పొగాకు తోరణాలు తెచ్చి, ఊరికే చూద్దామని లోపల వేలాడదీశాడండి. డాక్టరుగారు కాఫీ తాగి కప్పు కింద పెట్టేసరికి ఆకు బంగారం రంగు తిరిగింది. ఆ ఏడు చుట్టుపక్కల ఆకు ఆరబెట్టే బ్యారన్లలో ఒక్కరూ పొయ్యి ముట్టించలేదు. అందరి పొగాకూ ఆ వరండాలోనే."

"మరి ఆ ఎండలో డాక్టరుగారు మగ్గిపోలేదాండీ?" అంది రూతమ్మ, టీ వడపోస్తూ.

"ఎండ ఆకు మీద పడేట్టు, మనిషి మీద పడకుండా గ్లాసు వంచానండి. దానికో కొలత ఉంది, బయటికి చెప్పకూడదు."

పెర్సిస్ చేతిలో టీ చల్లారుతోంది. మావగారి మీద ఎండ పడటానికే కదా తను ఇంతదూరం వచ్చింది అనుకుంది. స్తంభాల దాకా నమ్మింది. నిమ్మకాయ దగ్గర అనుమానమొచ్చింది. పొగాకు దగ్గర ఆశ వదులుకుంది. అయినా లేవలేదు. ముప్ఫై ఏళ్లుగా ఏడో తరగతి పిల్లల సాకులు విన్న మనిషి, చెప్పేవాణ్ని చివరిదాకా చెప్పనిస్తుంది.

"అసలు సంగతి అది కాదండి" అన్నాడు గంగరాజు, ముందుకు జరిగి. "ఆ గ్లాసులోంచి కొల్లేరు కనపడేది."

"కొల్లేరు అక్కడికి డెబ్బై కిలోమీటర్లండి" అన్నాడు శ్యామ్ సుందర్.

"మామూలు అద్దంలోంచి చూస్తే డెబ్బైయే. ఇది నా గ్లాసు. చెరువుల రైతులు కైకలూరు నుంచి ఫోన్ చేసేవారు, ఏవండీ డాక్టరుగారూ, మా చెరువులో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు తిరుగుతున్నాయా ఆగాయా చూసి చెప్పండి అని. ఆయన పేషెంటు నాడి పట్టుకునే, తలెత్తి చూసి, మూడోది ఆగింది అని చెప్పేవారు. మనకి అటు కనపడుతోందంటే, వాటికి ఇటు కనపడదాండీ?"

"వేటికండీ?"

"గూడబాతులకి. కొల్లేట్లో పక్షులు తలెత్తి చూస్తే, కొండ మీద ఇంకో కొల్లేరు మెరుస్తోంది. మొత్తం గుంపంతా లేచి వచ్చేసింది. ఎన్నంటారు, వెయ్యి కాదు, రెండువేలు కాదు. వచ్చి గది కప్పు మీద వాలాయి. చేపల కోసం ముక్కుతో పొడిచాయి. నా గ్లాసు, గీత పడలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దారిన పోయే లారీవాడు హారన్ కొట్టాడు. పక్షులన్నీ ఒక్కసారి బెదిరి లేచాయి. లేస్తూ లేస్తూ గదిని కూడా లేపుకుపోయాయండి. లోపల డాక్టరుగారు, చేతిలో కాఫీ, ఒళ్లో పేపరు."

శ్యామ్ సుందర్ దగ్గి, టీ మీద ఒలకబోసుకున్నాడు. "బాతు కాళ్లకి పట్టుండదు కదండీ."

"కప్పు అంచున వేసిన పట్టీ వెడల్పు అలాంటిదండి. కాలు పెడితే ఇమిడిపోతుంది. పోతున్నాయి, పోతున్నాయి. ద్వారకా తిరుమల దగ్గర గుడి మీంచి పోకూడదని కాస్త పక్కకి తిప్పుకున్నాయి. భీమడోలు దాటి, ఇదిగో సరిగ్గా ఈ కొట్టు మీంచే వెళ్లాయి."

"నేను చూడలేదండి" అంది రూతమ్మ.

"ఆ రోజు మీరు కొట్టు తియ్యలేదు. తిన్నగా వెళ్లి కొల్లేటి నడిమధ్యన దించాయి. చుక్క నీరు లోపలికి రాలేదు. గది పడవలా తేలింది. మూడు రోజులు డాక్టరుగారు అక్కడే పేషెంట్లని చూశారు. చుట్టుపక్కల లంక గ్రామాల వాళ్లు దోనెల్లో వచ్చి వరస కట్టారు. నాలుగో రోజు అవే పక్షులు మళ్లీ ఎత్తి తెచ్చి, కొండ మీద నా నాలుగు స్తంభాల మీద అంగుళం తేడా లేకుండా పెట్టాయి. ఒక్క స్క్రూ ఊడలేదండి. ఇవాళ్టికీ అలాగే ఉంది."

చెప్పడం ఆపి, ఆయన పెర్సిస్ మొహంలోకి చూశాడు, ఇంకేం అడుగుతారు అన్నట్టు.

పెర్సిస్ నిదానంగా టీ గ్లాసు పక్కన పెట్టింది.

"గంగరాజుగారూ, ఆ గదికి చీమ దూరే సందు లేదన్నారు కదండీ."

"అసలు లేదండి."

"గాలి కూడా వెళ్లదు."

"వెళ్లదండి."

"మరి డాక్టరుగారు ఎటు నుంచి దూరారండి?"

గంగరాజు జేబులో టేపు సర్దుకున్నాడు. తలుపు ఇంటివైపు ఉందందామంటే ఇల్లు కొండ మీదే ఉండిపోయింది, అటువైపు తెరిచి ఉంటే కొల్లేటి నీళ్లన్నీ లోపలికొచ్చేవి. ఇన్నేళ్లుగా ఆ డాక్టరుగారిని అంతదూరం మోసుకెళ్లాడు, మోసుకొచ్చాడు. ఎవరూ తలుపు అడగలేదు. శ్యామ్ సుందర్ రోడ్డు వైపు తిరిగి నవ్వు దాచుకున్నాడు. రూతమ్మ దాచుకోలేదు.

పెర్సిస్ సంచీ భుజాన వేసుకుని లేచింది. నవ్వు రాలేదు ఆవిడకి. వానలు పదిహేను రోజుల్లోకి వచ్చేశాయి. మావగారు మళ్లీ గోడ చూస్తూ కూర్చుంటారు. "మా మావగారు వాకర్‌తో లోపలికీ బయటికీ తిరగాలండి. వెడల్పాటి తలుపున్న గది కట్టేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి" అంది.

అంతవరకూ గంగరాజుకి వాకర్ సంగతి తెలియదు. అడగనే లేదు.

"టీచరుగారూ, ఒక్క నిమిషం కూర్చోండి." ఈసారి గొంతు తగ్గింది. "డాక్టరుగారు లేరండి. కొండ మీద నేనెప్పుడూ పని చెయ్యలేదు. షాపుల ముందు గ్లాసులు, బాల్కనీలు, అవే చేస్తాను. ముదినేపల్లిలో ఓ రైతుగారి మేడ మీద బాల్కనీ మూసి గది చేశాను. పెద్ద పని అంటే అదొక్కటే."

"అది ఎలా ఉందండి?"

"మొదటి వానకే కారిందండి. వెళ్లి పలక తీసి మళ్లీ బిగించాను. రెండో వానకి ఇంకో మూల కారింది. మళ్లీ వెళ్లాను. గ్లాసు తప్పు కాదండి, నీళ్లు పోయే వాటం తప్పు. కప్పు రెండంగుళాలు వంచితే ఆగింది. ఇప్పుడు కారట్లేదు."

"రెండోసారి వాళ్లు పిలిచారా?"

"లేదండి. ఇక్కడ వాన మొదలయ్యేసరికి మనసు ఊరుకోలేదు. బండి వేసుకుని నేనే పోయాను."

పెర్సిస్ మళ్లీ కూర్చుంది. ఇంటి వెనక కొండ మీంచి వాననీళ్లు ఎటు దిగుతాయని ఆయన అడిగాడు. ఆవిడ వేలితో బెంచీ మీద గీసి చూపించింది. వాకర్ వెడల్పెంతని అడిగాడు. ఇంట్లో కొలిచి చెబుతానంది. "వద్దండి, నేనే వచ్చి కొలుస్తాను. పెద్దాయన నడుస్తుంటే చూడాలి" అన్నాడు. శనివారం పొద్దున్నే రమ్మంది. వస్తానన్నాడు, ఎన్ని రోజులు పడుతుందో వాలు చూశాకే చెబుతానన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన ఎంతన్నదీ చెప్పకుండా వదిలేసిన లెక్క అదొక్కటే.

రూతమ్మ ఇంకో టీ పెడతానంది. పెర్సిస్ వాచీ చూసుకుని వద్దంది.

"ఈ ముదినేపల్లి సంగతి మొదటే చెప్పుంటే బావుండేది గంగరాజుగారూ" అంది ఆటోకి చెయ్యెత్తుతూ. "నాకు నాలుగున్నర బస్సు దొరికేది."