పాప బరువు గీత కింద ఇంకో గీత

పెరుగుతోంది, పెరుగుతోంది అంటూ అందరూ నా మీదకొచ్చేవాళ్ళే! పెరగట్లేదని నేనన్నానా? ఉండండి, ఆ చొక్కా మార్చకండి. బయటికెళ్ళే పనుంది.

ఇదిగో, ఆసుపత్రివాళ్ళిచ్చిన పాప కార్డు. నెలనెలా బరువు చుక్కలు, వాటిని కలిపే గీత. పైకే పోతోంది, సరేనా? దాని కింద కాగితం పెట్టి ఇది గీసింది నేను. పై గీత ఎంత నిటారుగా లేస్తే కింద అంత ఎత్తు. పైది చదునైతే కింద సున్నా. అంతే! పాత పుస్తకాల కొట్లో తెచ్చుకున్న లెక్కల పుస్తకంలో దీన్ని అవకలజం అన్నారు. పేరు చూసి జడుసుకోకండి.

అత్తయ్య ఏమన్నారో తెలుసా? "పైకి పోయేదాన్ని కిందకి గీస్తావేంటే, నీ చేతులు పడిపోను!" అని పెన్సిలు లాక్కుని, పైన ఎలా ఉందో కింద కూడా అచ్చం అలాగే గీసిపెట్టారు. కొండ కింద కొండ! ఎంత ముద్దుగా ఉందో!

బస్సు నడిపేవారు, మీకైనా తెలియాలి కదండీ. తిరిగిన కిలోమీటర్ల అంకె ఎప్పుడైనా తగ్గుతుందా? బండి ఈడ్చుకుంటూ ఆగబోతున్నా అది పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు మీరు చూసేది దేన్ని? వేగం ముల్లుని. నేను గీసింది ఆ ముల్లునేనండీ!

ఆఁ, తెలుసు. పిల్లలు ఎదిగేకొద్దీ ఆ జోరు తగ్గుతుంది. కార్డు మీద మామూలు ఎదుగుదల ఇదీ అని అచ్చేసిన గీత కూడా వంగుతుంది. దానికీ గీశాను, చూడండి, ఈ పక్కది. అది నెమ్మదిగా దిగుతోంది. మన పాపది జారుబండ మీద జారినట్టు జారుతోంది. వచ్చే నెల డాక్టరుకి చూపిద్దామంటారా? అప్పటికి సున్నాకి ఆనుకుంటే? పాలు తాగుతూ తాగుతూ మధ్యలోనే సోలిపోతోంది, అదీ కనిపించట్లేదా మీకు?

ఏమిటా నవ్వు? పాప కింది గీత చివర పైకి లేచిందనా? అవును, లేచింది. ఇంత చెప్తే మీ కళ్ళకి అదొక్కటే ఆనిందా!

అక్కడ చుక్క లేదండీ. ఈ నెల తూకమే వేయించలేదుగా. ఆ చివరి ముక్క నేను ఊరికే గీసుకున్నాను. ఉన్న దారిన పోనిస్తే అది కిందకే పోవాలి. నాకు తెలుసు. చేయి ఒప్పుకోలేదు, ఏం చేయమంటారు?

పాపని మీరే ఎత్తుకోండి. కార్డు నేను పట్టుకుంటాను, ఆసుపత్రికి పదండి.