జిలాని మేస్త్రీ దీపం

మార్కాపురం తాలూకా మేజిస్ట్రేటు గారి ఎదుట, 1938 ఆగస్టు 16, మంగళవారం పగలు పదకొండు గంటలకు చెప్పినది.

నా పేరు రూతమ్మ. భర్త పేరు కృపావరం. నాకు ముప్పై ఏళ్లుంటాయి. క్రైస్తవులం. కురిచేడు నుంచి వచ్చి మార్కాపురంలో ఉంటున్నాం. ఇద్దరం పలకల కార్ఖానాలో కూలీలం. ఆయన రంపం మీద పలక కోస్తాడు. నేను కింద రాలిన దుమ్మును చేటతో ఎత్తి బయట పోస్తాను.

ఆయన ఎనిమిదేళ్లుగా ఆ రంపం దగ్గరే ఉన్నాడు. నీళ్లు చల్లి కోస్తామంటే రంపం తుప్పు పడుతుందని యజమాని వద్దన్నాడు. రంపం బాగానే ఉంది. నా భర్తకు రెండేళ్లుగా దగ్గు. చర్చికి పోయే దారిలో మూడుచోట్ల కూర్చుంటాడు.

ఆరు నెలలకోసారి మా మేస్త్రీ జిలాని గారు బారెడు దూరంలో బుడ్డిదీపం పెట్టి, రంపం పనివాళ్లను ఊదమంటారు. ఆర్పలేనివాణ్ణి బయట బండ్లకెత్తే పనికి మారుస్తారు. అక్కడ దుమ్ము లేదు. కానీ అట్లా మారినవాణ్ణి అందరూ ఊపిరి లేనోడని నవ్వుతారు. ఆ మాటకు నా భర్త భయపడ్డాడు. నేనూ భయపడ్డాను.

జులై 11, సోమవారం పొద్దున ఏడు గంటలకు ఆయన వంతు వచ్చింది. నేను చేట పట్టుకుని పక్కనే ఉన్నాను. మొదటిసారి ఊదితే మంట వంగి మళ్లీ లేచింది. మేస్త్రీ గారు, "తొందర లేదబ్బాయ్, దమ్ము పట్టి ఊదు. కాకపోతే బయట పని చూసుకుందువులే" అన్నారు. ఆయన రెండోసారి ఊదుతుంటే నేను చేట ఆడించాను. ఒక్కసారే. దీపం ఆరింది. ఎవరూ చూడలేదు.

ఇంటికి పోతూ నా భర్త, "చూసినావా మే, నాలో ఇంకా దమ్ముండాది. ఊరికే భయపడితిమి" అన్నాడు. చాలా రోజులకు నవ్వాడు.

మొన్న శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు రంపం పక్కనే పడిపోయాడు. నోట్లోంచి రక్తం వచ్చింది. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే, ఇక నయం కాదని ఆస్పత్రి డాక్టరు గారు చెప్పారు.

జబ్బు మనిషని తెలిసీ పనిలో ఉంచాడని పోలీసులు మేస్త్రీ గారిని పట్టుకున్నారు. మేస్త్రీ గారికి తెలియదు. తెలిసింది నాకే. ఆ రోజు బయటి పనికి పోయుంటే ఇంకొన్నాళ్లు బతికేవాడేమో. చేట ఒక్కసారే ఆడించాను. శిక్ష వేస్తే నాకు వేయండి.

ఇందులో అబద్ధం లేదు. గుమాస్తా గారు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. ఒక్క మనవి. సాయంత్రం తమరు ఆస్పత్రికి వెళ్లి నా భర్తను కూడా విచారిస్తారట. ఇది ఆయనకు చదవవద్దు. దీపం తానే ఆర్పానని పక్క మంచాల వాళ్లకు ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు.

రూతమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర