రాయని మేడం యశోద గారు

జూన్ ఇరవై ఏడు, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ప్రభుదాసు గారు ఒక కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మా ఆయన రంజిత్ స్వయంగా కలిపి కట్టిచ్చిన పులిహోర అప్పుడే తింటున్నాను. ఉప్పు రెండుసార్లు పడింది, అయినా ఒక్క మెతుకు మిగల్చలేదు. కవరు విప్పి చదివాను. పదవీ విరమణ అనంతరం కూడా శ్రీమతి యశోద గారు ఒక పాపకు సహాయకురాలిగా కోర్టులో ఆమె పక్కన కూర్చోవచ్చునని బాలల సంక్షేమ సమితి అనుమతి ఇచ్చింది. ఆ కాగితం పట్టుకొని వరండా పొడవునా పరుగెత్తాను.

"పెండ్లి కార్డు పంచేనాడు గూడ గింత ఉరకలే గీ పిల్ల" అన్నారు ప్రభుదాసు గారు. మన కార్యాలయంలో అందరికంటే పాత అటెండరు గనుక ఆయన ఎవరినైనా అనగలరు.

ఆ పరుగుకు కారణం సంతోషం ఒక్కటే కాదు. "యశోద గారు 1990 నవంబరు 5న, సోమవారం నాడు, రేగోడ్‌లో అంగన్‌వాడీ కేంద్రాల పర్యవేక్షకురాలిగా ఉద్యోగంలో చేరారు" అని ఈ అభినందన సంచిక వ్యాసానికి మొదటి వాక్యం రాసి, మూడు రోజులుగా రెండో వాక్యం రాయలేక కూర్చున్నాను. వారి సర్వీసు జూన్ ముప్పైతో ముగుస్తుంది. పాప సాక్ష్యం జూలై ఒకటిన. ఆ ఒక్క రోజు తేడాతో పాప పక్కన కుర్చీ నాకు రావలసి ఉంది. ఆ కుర్చీ అంటేనే నాకు భయం.

ఇక రెండో వాక్యం. రేగోడ్‌లో ఎనిమిదేళ్లు, ఆ తర్వాత శివ్వంపేటలో పద్దెనిమిదేళ్లు యశోద గారు బస్సు వెళ్లే ఊళ్లకు బస్సులోనూ, వెళ్లని ఊళ్లకు కాలినడకనూ తిరిగి, పిల్లల బరువులు తూచి, తల్లులకు ధైర్యం చెప్పి, తాము పనిచేసిన ప్రతి గ్రామంలోనూ ఇంటి ఆడపడుచులా మన్నన పొందారు. 2016లో కొత్త జిల్లా ఏర్పడి కార్యాలయాలు మెదక్‌కు వచ్చినప్పుడు, హింసకు గురైన పిల్లలకు అండగా నిలిచే మన విభాగాన్ని వారు కోరి ఎంచుకున్నారు. పదోన్నతి ఉన్న వేరే స్థానాన్ని కాదనుకొని ఇటు వచ్చారని వారి శ్రీవారు మదన్ మోహన్ గారు చెప్పగా విన్నాను.

ఎందుకు వచ్చారో మాత్రం వారే ఒకసారి నాకు చెప్పారు. దానికి ముందు నేను చేసిన పొరపాటు చెప్పాలి.

నేను చేరిన కొత్తలో ఆ పాప అమ్మమ్మతో కలిసి మన కార్యాలయానికి వచ్చింది. పేరు రాయను, ఊరు రాయను. పన్నెండేళ్లు. గడప దగ్గర ఆగి, బయట విడిచిన చెప్పులన్నిటినీ చూసింది. మగవారి చెప్పులు ఒక జత ఉన్నాయి. లోపలికి రాలేదు. యశోద గారు బయటికి వెళ్లి మెట్ల మీద, పాప కంటే ఒక మెట్టు కిందుగా కూర్చున్నారు. ఆ వారం నుంచి మన మగ ఉద్యోగుల చెప్పులన్నీ వెనక వరండాకు మారాయి.

"నా చెప్పులకు గూడ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ ఇచ్చిండ్రా మేడం?" అని ప్రభుదాసు గారు అడిగితే, "మీ చెప్పులకు జర లేటుగ ఇచ్చిన. మాఫ్ చేయుండ్రి" అన్నారు యశోద గారు.

రెండో రాకలో పాప లోపలికి వచ్చింది. దగ్గరి బంధువు ఒకరి పేరు చెప్పి, "మా ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు" అన్నది. నేను ఆత్రంగా పెన్ను తీశాను. అంతే, పాప నోరు మూసుకుంది. పెన్ను వైపే చూస్తూ చున్నీ అంచు నోట్లో పెట్టుకుంది. యశోద గారు నా చేతిలోని పెన్ను తీసుకొని తమ కొప్పులో గుచ్చుకున్నారు. పాప ఆ కొప్పు వైపు కొంతసేపు చూసింది. తర్వాత మిగిలిన మాట చెప్పింది.

వాళ్లు వెళ్లాక యశోద గారు పక్క గదిలో కూర్చొని, విన్నదంతా అక్షరం పొల్లుపోకుండా రాశారు. నేను క్షమాపణ చెప్పబోతే ఆపారు.

"నువ్వు ఒక పెన్ను తీసినవు బిడ్డా. నేను రిజిస్టరే ముందలేసుకొని కూసున్న. ఒకనాడు పొద్దు గూకేటప్పుడు ఒక పిల్ల వచ్చింది. తొమ్మిదేండ్లుంటయి. 'నేను ఇంటికి పోను మేడం' అన్నది. నేను పిల్లల బరువులు ఎక్కించుకుంట ఉన్న. తల ఎత్తలే. 'మీ అమ్మ చూస్తది, పో బిడ్డా' అన్న. జర సేపు నిలబడ్డది. నేను ఇంకో లైను రాసిన. తల ఎత్తేసరికి లేదు."

"ఎందుకు పోనన్నది మేడం?"

"ఆరేండ్లకు తెలిసింది. ఆ పిల్లే వచ్చి చెప్పింది. 'మీరు రాసుకుంటుండిరి, అందుకే చెప్పలే' అన్నది. తిట్టినా బాగుండు. తిట్టలే."

ఈ సంగతి అభినందన సంచికలో రాయవచ్చునా అని ఈమధ్య అడిగాను. "రాయి. మంచియే రాస్తే రేపు వచ్చేటోళ్లకు ఏం పనికొస్తది?" అన్నారు. ఆ పిల్ల వచ్చి చెప్పిన నాటి నుంచి పిల్లలు మాట్లాడే గదిలో యశోద గారి చేతికి పెన్ను అంటలేదు. సంతకం పెట్టవలసి వచ్చిన ప్రతిసారి మన దగ్గర పెన్ను అడిగే అధికారి ఎందుకు అడిగేవారో మనలో చాలామందికి ఈరోజే తెలుస్తుంది.

పాప సాక్ష్యం మూడుసార్లు వాయిదా పడింది. ఆ బంధువు బెయిలు మీద బయటే ఉన్నాడు. పాప ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉంటాడు. మాట మార్చుకొమ్మని, ఇంటి ఇజ్జత్ చూసుకొమ్మని అమ్మమ్మకు రోజుకొకరు చెప్పిపోతున్నారు. మూడో వాయిదా నాడు అతడు కోర్టు మెట్ల దగ్గర నిలబడి, "బాగున్నరా మేడం?" అని యశోద గారిని నవ్వుతూ పలకరించాడు. అంతకు మించి ఏమీ చేయలేదు. పాప మాత్రం ఇంటికి చేరేదాకా మాట్లాడలేదు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వంటింట్లో పనిచేసుకుంటుంటే గుర్తొస్తుంది. రంజిత్ వెనక నుంచి పిలిచినా ఉలిక్కిపడుతున్నాను.

"మీకు భయమైతలేదా మేడం?" అని ఆరోజు బస్సులో అడిగాను.

"ఎందుకు కాదు? కాళ్లు గజగజ వణుకుతున్నయి. అందుకే ముందుగాల సీటు పట్టిన" అన్నారు.

వారి పదవీ విరమణ సంగతి పాపకు నేనే చెప్పాను. పాప "రాయని మేడం రాకుంటే నేను లోపలికి పోను" అన్నది. అప్పుడే సమితికి దరఖాస్తు పెట్టాం. శుక్రవారం వచ్చిన కవరు దానికి జవాబు. అనుమతి వచ్చింది, భయం పోలేదు. పాప మాట్లాడుతుందో లేదో, మాట్లాడితే ఆ తర్వాత ఆ వీధిలో ఎలా తిరుగుతుందో మనలో ఎవరికీ తెలియదు. యశోద గారికీ తెలియదు. తెలియకుండానే పక్కన కూర్చోవడం ముప్పై నాలుగేళ్ల అనుభవం ఉన్నవారికి కూడా తేలిక కాదని ఈ ఏడాదిలో చూశాను.

వీడ్కోలు కానుకగా పెన్నుల జత కొందామనుకున్నప్పుడు, "మేడంకు పెన్నిస్తే మళ్ల మనకే ఇచ్చిపోతది" అని ప్రభుదాసు గారు అన్నారు. అందుకని నడకకు మెత్తటి చెప్పులు కొన్నాం. వాటిని యశోద గారికి ముందే చూపించాను. తొడిగి, నాలుగడుగులు వేసి, చాలా బాగున్నాయని మళ్లీ పెట్టెలో పెట్టేశారు. "మంగళారం మాత్రం పాతయే ఏసుకుంట. గా పిల్ల తల ఎత్తి నడవది. కొత్త చెప్పులైతే నేనని ఎట్ల గుర్తుపడతది?" అన్నారు.

యశోద గారికి ఆ భగవంతుడు నిండు ఆరోగ్యాన్ని, దీర్ఘాయువును ప్రసాదించాలని, మదన్ మోహన్ గారితో, పిల్లలతో శేషజీవితం ప్రశాంతంగా గడవాలని మనందరి పక్షాన కోరుకుంటున్నాను. ఈ కోరికలో మన స్వార్థమూ ఉంది. వారి పక్కన కూర్చొని నేర్చుకోవలసింది నాకు ఇంకా చాలా ఉంది.

ఈ సంచిక మీ చేతికి అందేది సోమవారం సభలో. రేపు, అంటే మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు బస్టాండు దగ్గర పాప, అమ్మమ్మ, పాత చెప్పులతో యశోద గారు కలుస్తారు. నన్నూ రమ్మన్నారు. నా పెన్ను ఈరోజే ప్రభుదాసు గారికి ఇచ్చి వెళ్తాను.

— దేవిక