ఆదివారం మాత్రం కుదరదు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక క్వార్టర్. గురువారం పొద్దున. గూడ్సు గార్డు తిరుమలరావు డ్యూటీ దిగివచ్చి టీవీ వార్తల ముందు కూర్చున్నాడు. భార్య కనకం వంటింటి గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నిలబడింది. పొద్దున్నించీ ఆమె ఒకే మాట మీద ఉంది.

“వద్దండీ. ఆదివారం వద్దు.”

“అదే, ఎందుకొద్దు అంతన్నాను.”

“మంచిరోజు కాదు.”

“ఎవులు చెప్పారే నీకు? పంతులుగారే కదా రోజు పెట్టింది!”

“ఆయన పాత పంచాంగం చూసుంటారు.”

“కొత్త పంచాంగమే. నా కళ్ల ముందే తీసారు.”

“ఏమో బాబూ. నాకా రోజు తలనొప్పి.”

“ఆదివారం వచ్చీ తలనొప్పి గురువారమే తెలిసిపోనాదేటి?”

“మీ డ్యూటీ ఎప్పుడన్నది మీకు గంట ముందు తెలుస్తాది. నా తలనొప్పి నాకు మూడ్రోజుల ముందు తెలుస్తాది. ఎవరి లైను వాళ్లది.”

“జ్యోతీ! ఒసే జ్యోతిర్మయీ! ఇలాగొచ్చి మీ అమ్మకేటయిందో చూడు.”

“ఆఫీసుకి లేటవుతోంది నాన్నా. సుబహ్ సుబహ్, పొద్దున్నే ఏటి గొడవ?”

“నీ పెళ్లిచూపులే గొడవ. రాజ్‌కిశోర్ నగర్ వాళ్లు, ఆ బేంకు కుర్రాడు రోహన్ వాళ్లు, ఆదివారం పొద్దున్న వస్తామన్నారు. మీ అమ్మేమో కూడదంతంది.”

“అమ్మ కూడదంటే కూడదు. బస్, ఖతమ్.”

“నువ్వు కూడానా? ఏటి, కుర్రాడు నచ్చలేదా?”

“ఫోన్లో మాట్లాడాను కదా. ఠీక్ హై.”

“ఠీక్ హై అంటే నచ్చినట్టా, నచ్చనట్టా?”

“నచ్చినట్టే నాన్నా. ఆదివారమే నచ్చలేదు.”

“తల్లీకూతుళ్లు కూడబలుక్కున్నారు. నాకు తెలుస్తంది.”

“టీవీ సౌండ్ తగ్గించండి. ఆడు అరుస్తన్నాడు, మీరూ అరుస్తన్నారు. ఎవరు ఏటంతన్నారో తెలీడం లేదు.”

“ఉండవే, టమాటా ధర చెప్తన్నాడు. మళ్లీ ఎక్కీసిందట.”

“ఆడి మొహం. నిన్న బుధవారీ బజార్లో నేను కొన్నాను, ఆడు కొన్నాడా? ఏటీ ఎక్కలేదు.”

“అయితే టీవీ వాళ్లు అబద్ధం చెప్తన్నారా?”

“ఢిల్లీలో ఎక్కుంటాది. మీ టీవీకి ఢిల్లీలో వాన పడితే మనం గొడుగెయ్యాలి.”

“చూడు నాన్నా, ఏఐ అంట. ఇంక గార్డులు కూడా అక్కర్లేదంట.”

“ఎవడన్నాడు? ఆ ఏఐని తీసుకొచ్చి బండి చివర మా బ్రేక్‌వేన్‌లో ఒక్క ఎండాకాలం కూచోమను. రెండో స్టేషన్లో దిగిపోయి రాజీనామా ఇచ్చీగలదు.”

“సరే, మీరు పడుకోండి. డ్యూటీ దిగి వచ్చారు.”

“మాట మార్చకు, కనకం. నిద్ర నాకు లేదు. నాకు చాలా రోజుల్నించీ అనుమానంగా ఉంది. వాకింగ్ అని వెళ్తావు. వాకింగ్ అంటే కాలనీ చుట్టూ ఒక్కసారి తిరగాలి. నువ్వు ఎంతకీ రావు.”

“నెమ్మదిగా నడుస్తాను.”

“నెమ్మదిగా నడిచేదానికి అంత చెమటెందుకు?”

“ఎండ.”

“ఈ చలిలోనా?”

“లోపలి ఎండ.”

“లోపలి ఎండేటే! ఆ మోచేతి మీద దెబ్బేటి?”

“తలుపు తగిలింది.”

“మొన్న నూనె డబ్బా అన్నావు.”

“తలుపు వెనకాల నూనె డబ్బా ఉంది.”

“నువ్వెందుకు నవ్వుతావే, జ్యోతీ?”

“నవ్వట్లేదు నాన్నా. ఖాంసీ. దగ్గు.”

“మా తోటి గార్డు శివాజీ నిన్న షెడ్డు దగ్గర కలిసి ఏటన్నాడో తెలుసా? ‘భాభీజీ ఇన్‌స్టిట్యూట్ గ్రౌండ్లో పరిగెడతన్నారు, దౌడ్ రహీ థీ’ అన్నాడు. నీ కళ్లు పోయాయిరా అని తిట్టీసాను ఆణ్ని.”

“కుక్క తరిమింది.”

“వారం నుంచీ చూస్తన్నాడట.”

“అదే కుక్క.”

“రోజూనా?”

“వీధికుక్కల గురించి కోర్టులో కేసు నడుస్తంది కదా. మీరే కదా టీవీలో చూసి బుర్ర ఊపారు. ఆ కుక్క కూడా వార్తలు విని కోపంగా ఉందేమో.”

“కనకం!”

“ఏటండీ.”

“నా మొహం చూసి చెప్పు.”

“అమ్మా, చెప్పీ. ఇంక ఛుపానా ముష్కిల్ హై, దాచలేవు.”

“నువ్వుండు జ్యోతీ. ...క్రికెట్టండీ.”

“ఏ క్రికెట్టు?”

“ఆడతన్నాను.”

“ఫోన్లోనా?”

“గ్రౌండ్లో.”

“ఎవులు?”

“నేనేనండీ. బేటుతో. బంతితో. కాళ్లతో.”

“జ్యోతీ, మంచినీళ్లు తే.”

“ఆ పక్కనే ఉన్నాయి నాన్నా.”

“ఎవులితో ఆడతన్నావు?”

“మన కాలనీ ఆడవాళ్లమే. మాధవీలత ఉంది, స్టేషన్ మాస్టారి భార్య ఉంది, ఛత్తీస్‌గఢీ వాళ్లు నలుగురు, ఒక బెంగాలీ ఆవిడ. అప్పలనర్సమ్మ పిన్ని కూడా ఉంది.”

“అప్పలనర్సమ్మా? ఆవిడకి మోకాళ్లు మార్చారు కదే!”

“అందుకే అంపైరు. కుర్చీ ఏసాం.”

“నాన్నా, అప్పలనర్సమ్మ అమ్మమ్మ అవుటిస్తే వాదించడానికి ఎవరికీ హిమ్మత్ లేదు, ధైర్యం చాలదు. చేతికర్ర ఎత్తితే అవుట్, అంతే.”

“నీకు ముందే తెలుసన్నమాట.”

“షూస్ కొన్నది నేనే కదా.”

“ఒరే భగవంతుడా. గూడ్సు బండికి మేనేజర్ని, ‘ట్రైన్ మేనేజర్’ అని పేరు కూడా మార్చారు. నా ఇంట్లో ఏటవుతందో మాత్రం నాకు తెలీదు. యాభై దాటిన మనిషివి, కనకం! ఎవులైనా చూస్తే ఏటనుకుంటారు?”

“మొన్న ప్రపంచ కప్పు మన ఆడపిల్లలు గెలిస్తే ఈ కుర్చీలోనే కూచుని ఏడ్చిందెవరు?”

“అది వేరు.”

“కాలనీ అంతా లడ్డూలు పంచిందెవరు?”

“అది దేశం!”

“ఇది కాలనీ. దేశంలో కాలనీ లేదేటి?”

“వాళ్లు చిన్నపిల్లలే! ఎగురుతారు, దూకుతారు.”

“బంతికి నా వయసు తెలీదండీ. వచ్చినప్పుడు కొట్టడమే.”

“శాబాష్ అమ్మా!”

“నువ్వు తాళం ఎయ్యకు, జ్యోతీ. ఆదివారం ఏటి మరి? మేచ్చా?”

“మేచ్చే. అర్పా నది అవతలి ఆడవాళ్ల టీముతో. వాళ్లకి యూనిఫాం కూడా ఉందట. మా దగ్గర మాధవీలత కుట్టిన టోపీలున్నాయి.”

“మేచ్ కోసం కూతురి పెళ్లిచూపులు వద్దంటావా? ఏ తల్లయినా అంటాదా?”

“వద్దనలేదండీ. ఇంకో రోజు అన్నాను.”

“ఆ మాట మొదటే చెప్పొచ్చు కదా.”

“చెప్తే మీరు మానీమంటారు. మీరు మానీమంటే నేను మానీస్తాను. అదే నాకు భయం.”

“నేనంటే భయమేటే నీకు?”

“అలా చూడకండి. ఇన్నేళ్లలో నేను ఎన్నోసార్లు పరిగెట్టానండీ. పాలు పొంగిపోతన్నాయని పరిగెట్టాను. రైలు వెళ్లిపోతందని పరిగెట్టాను. మీకు డ్యూటీ పిలుపొచ్చిందంటే టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దాకా పరిగెట్టాను. ఊరికే, నవ్వుకుంటా పరిగెట్టడం మాత్రం ఇదే మొదలు. బంతి బేటు మధ్యలో పడితే ఒక చప్పుడొస్తాది చూడండీ... చేతిలోంచి భుజం దాకా ఎక్కీస్తాది. ఆ రోజంతా గిన్నెలు తోముతున్నా నాకదే వినిపిస్తాది.”

“...మొదట బేటింగుకి దిగేదెవులు?”

“నేనే.”

“నువ్వా? ఓపెనరా?”

“అవును.”

“వికెట్ వదిలీసి ముందుకొచ్చి కొట్టకు. బంతి పాతబడీదాకా ఆగాలి.”

“టెన్నిస్ బంతండీ. పాతబడదు. పగిలిపోతాది.”

“నాన్నా, అంటే తుమ్ మాన్ గయే!”

“ఎవడు ఒప్పుకున్నాడు? నేను సాంకేతికంగా మాట్లాడతన్నాను. సరేలే. ఇప్పుడు వాళ్లకి ఏటి చెప్పి ఆపాలి?”

“నాకు కామెర్లని చెప్పండి.”

“కామెర్లొచ్చిన ఇంటికి టీ తాగడానికి ఎవడొస్తాడే, తర్వాత మాత్రం!”

“క్వార్టర్‌కి సున్నం ఏస్తన్నారని చెప్పండి.”

“రైల్వే వాళ్లు ఆదివారం సున్నం ఏస్తారంటే ఈ ఊళ్లో చిన్నపిల్ల కూడా నమ్మదు.”

“నాకు ఆఫీసులో డ్యూటీ పడిందని చెప్పు నాన్నా.”

“ఇదిగో, ఆవిడే ఫోన్ చేస్తన్నారు! కుర్రాడి తల్లి, ఉషారాణిగారు! ఏటి చెయ్యను? ఏటి చెప్పను?”

“ముందు ఎత్తండి.”

తిరుమలరావు కంగారులో స్పీకర్ నొక్కేశాడు. ముగ్గురూ ఫోను చుట్టూ చేరారు.

“హలో, అన్నయ్యగారూ, బాగున్నారా? ఏం లేదండీ... ఆదివారం సంగతి. మాకు కొంచెం ఇబ్బందిగా ఉందండీ.”

“అలాగా అమ్మా? ఏటి ఇబ్బంది?”

“కారు రిపేరుకి ఇచ్చామండీ.”

“పర్లేదమ్మా, ఆటోలో...”

“ఆటో ఎక్కితే నాకు కళ్లు తిరుగుతాయండీ.”

“పోనీ మేమే మీ ఇంటికొచ్చీమంటారా?”

“అయ్యో వద్దు! వద్దండీ. ఇంట్లో నేనుండను. అంటే, ఉంటాను. పెయింటింగ్ పనివాళ్లుంటారు. సామానంతా బయట పెట్టేస్తాం. నిలబడ్డానికి కూడా చోటుండదు.”

“మరి వచ్చే ఆదివారం?”

“అప్పటికి... చూద్దామండీ. నేనే చెప్తాను. ఇప్పుడే ఏమీ అనుకోవద్దు.”

“ఒక్క నిముషం అమ్మా, లైన్లో ఉండండి.”

తిరుమలరావు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అంతసేపూ వాయిదా కోసం తహతహలాడిన కనకం, అది దొరికాక కూతురి మొహం కేసి చూసింది.

“అయిపోనాది, కనకం. వద్దనడానికే ఇన్ని సాకులు. ఆ శివాజీ నోరు ఊరుకోదు. నీ సంగతి నది దాటి వాళ్ల చెవిలో పడిపోనాది.”

“ఛోడో నాన్నా. పోతే పోనీ.”

“పోనీ అంతన్నావు గానీ, నీ మొహం అలాగ లేదు జ్యోతీ.”

“అమ్మా, నిజంగా. కోయీ బాత్ నహీ, పర్లేదు.”

“ఏవండీ, ఫోనివ్వండి.”

“ఏటి చేస్తావే?”

“ఇవ్వండి. ...హలో, వదినగారూ, నమస్కారమండీ. నేను కనకాన్ని, జ్యోతిర్మయి తల్లిని.”

“ఆఁ, నమస్తే వదినగారూ. నేను అన్నయ్యగారితో చెప్పాను, పెయింటింగ్...”

“మీరు మొహమాటపడొద్దండీ. మీ చెవిన పడ్డది నిజమే.”

“నా చెవిన ఏం పడిందండీ?”

“నేను క్రికెట్ ఆడతాను. ఆదివారం మాకు మేచ్ ఉంది. మిమ్మల్ని ఆ రోజు రావద్దని పొద్దున్నించీ మా ఇంట్లో గొడవ పెట్టింది నేనే. మీరు ఫోన్ చెయ్యకపోతే మేమే ఏదో అబద్ధం చెప్దుం. మా పిల్లకి దీన్తో సంబంధం లేదు. అది చాలా మంచిది, మీ అబ్బాయంటే దానికి ఇష్టం కూడా.”

“అమ్మా!”

“ఉండవే. నేను ఆడ్డం మీకు నచ్చకపోతే నన్ను తిట్టుకోండి వదినగారూ, మా పిల్లని వద్దనుకోకండి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పీడం మంచిది. ఆట మాత్రం నేను మాన్ను.”

“ఉండండుండండి... ఏ గ్రౌండులో?”

“రైల్వే ఇన్‌స్టిట్యూట్ గ్రౌండు.”

“పొద్దున్నేనా?”

“పొద్దున్నే. ఎందుకండీ?”

“మీరు బేటింగా, బౌలింగా?”

“బేటింగండీ. మొదట దిగేది నేనే.”

“అయ్యో రామ! ఏవండీ, ఇలా రండి, వినండి. రోహన్, నువ్వు ముందు ఆ నవ్వు ఆపు! వదినగారూ, మా కారు బాగానే ఉంది. పెయింటర్లూ లేరు, ఎవరూ లేరు. పిల్లల సంగతి సోమవారం కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆదివారం మాత్రం హెల్మెట్ పెట్టుకుని రండి, మొదటి ఓవర్ వేసేది నేనే!”