అవతలివాడు

"పెట్టె కింద పెట్టప్పా. క్యాబు వచ్చేలోపల ఒక మాట."

నల్లగండ్లలో కూతురు రమ్య అపార్ట్‌మెంటు గేటు దగ్గర అల్లుడు మధుసూదన్‌ను పట్టుకున్నాడు రంగనాథ్. మూతపడ్డ కంపెనీల కుర్చీలు కొని అమ్మిన ఇన్నేళ్లలో ఆయన ఎవరినీ ఇలా బతిమాలింది లేదు.

"ఇంకేముంది మామా? పుణె ఆఫీసుకు మారుతున్నా, తిరిగి రానని చెప్పా. సరే అంది. టిఫిన్ తిని వెళ్లమంది."

"అది దాని తీరు."

"మా అమ్మ పోయిన రోజూ అదే తీరు. వచ్చినవాళ్లందరికీ కాఫీలిచ్చింది. కంట్లో తడి లేదు."

"తర్వాత మా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నీకు తెలుసునా?"

"తెలీదు. ఎలా తెలుస్తుంది? చెబితే కదా."

"చెప్పదు. నేనే... నేనే చెప్పొద్దంటి."

"మీరా?"

"చిన్నప్పుడు సరుకు చూసేదానికి వెంట తీసుకుపోతాంటి. ఒకచోట గిర్రున తిరిగే కుర్చీ చూసి ఎక్కి కూర్చునింది. నాన్నా, ఇదే కావాలనింది. అమ్మేవాడు నవ్వి రేటు పెంచె. ఆ పొద్దు చెప్పినా. ఇష్టం గానీ, భయం గానీ అవతలివానికి కనపడనీయొద్దు పాపా, కనపడితే నష్టం మనకే అని."

"నేను అవతలివాడినా మామా?"

"అట్లనొద్దప్పా."

"ఇన్నేళ్లు కాపురం చేశాను. నేను అవతలివాడినా?"

"కాదు. ఎవరికాడ దాచాల, ఎవరికాడ దాచకూడదు, అది గూడా చెప్పాల్సింది. నాకే తెలీకపాయె. వాళ్లమ్మతో నేను ఏ పొద్దూ... పోనీలే. దాని లోపల నువ్వుండావు. నేను పూచీ."

"దీనికి మీరెలా పూచీ ఉంటారు? లోపల ఎంతున్నా నా దాకా రాలేదు. వెళ్లొద్దని తను ఒక్కసారి అనాలి మామా. అంటే ఈ పెట్టె పైకి తీసుకెళ్తా."

"నిజంగా?"

"నాకు మాత్రం వెళ్లాలని ఉందా?"

"ఉండు, ఉండు. ఫోన్ చేస్తా. స్పీకర్‌లో పెడతా, నువ్వు గమ్మునుండి విను... పాపా, నేనమ్మా. వెళ్లొద్దని ఒక్క మాట అను తల్లీ. నువ్వంటే ఉంటాడంట."

"ఆ మాట ఆయనే అన్నాడా నాన్నా?"

"ఆయన నోటితోనే అనె. పోవాలని ఆయనకూ లేదు."

"అట్లయితే పోడులే. మనం అడగాల్సిన పని లేదు."