ముసుగులో ఉన్నది నేనే

"రాసుకో లొరెటా, ఈసారి ఊరేగింపు కారులో ముసుగేసుకుని కూర్చునే హక్కు నాది. మన ఊళ్ళో ఆ హత్యల సినిమా తీసినప్పుడు, ఒక్క పూట హంతకుడి ముసుగేసుకుని వంటింటి కిటికీ ముందు నించున్నది నేనే. అసలు నటుడికి పన్ను నొప్పి, నా ఎత్తు సరిపోయింది."

ఊరేగింపు కమిటీ పెద్ద లొరెటా హోటల్ బల్ల దగ్గర కాఫీ కలుపుతూ, "ఒక్క పూటేనా ఆర్లిస్?" అంది.

"ఒక్క పూటతో వదులుతారా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను నించున్న తీరుకే దర్శకుడికి చెమటలు పట్టి, సినిమా అంతా నువ్వే చెయ్యి నాయనా అన్నాడు. మెట్ల మీద పిల్లని పొడిచింది నేను, గరాజులో కుర్రాణ్ణి పొడిచింది నేను, ఆ పిల్ల గొంతు బొంగురుపోతే మెట్ల కింద నక్కి అరిచిందీ నేనే!"

పక్క కుర్చీలో పోస్ట్‌మాన్ డ్వేన్ తల గోక్కున్నాడు. "ఆగాగు. పొడిచిందీ నువ్వే, అరిచిందీ నువ్వేనా?"

"పొడిపించుకున్నదీ నేనేరా! గరాజు కుర్రాడు నెత్తురు చూసి పడిపోయాడు, అది రంగు కలిపిన మొక్కజొన్న పాకంరా బాబూ అన్నా వినడే! వాడి చొక్కా నాకు తొడిగారు. నన్ను నేనే తరుముకుంటూ వీధి చివరిదాకా పరిగెత్తా. దొరకలేదనుకో."

"మరి చచ్చిందెవరు?"

"అది... మొదట నేను. కాదు, చివర్లో నేను. ఉండు, మధ్యలో లేచాను కదా! ఆ తర్వాత వచ్చిన ప్రతి సినిమాలో చచ్చినవాడు లేచి కూర్చునేది నన్ను చూసే. నలభై ఏళ్ళుగా దేశంలో ఆడపిల్లలు వెనక తలుపు గడియ రెండుసార్లు చూసుకునేది నావల్లే. ఆ ఏడు మా చేలో మొక్కజొన్న కూడా జడుసుకుని మోకాలెత్తు దాటలేదు!"

లొరెటా సంచిలోంచి ముసుగు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ హంతకుడు సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు ఆర్లిస్. జనం జడుసుకునేది అందుకే. ఇది వేసుకుని, నా కాఫీ అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చో. కారు నీదే."

ఆర్లిస్ ముసుగు తగిలించుకున్నాడు. హోటలంతా చడీచప్పుడు లేదు. నిజం చెప్పాలంటే డ్వేన్‌కి కాస్త భయమే వేసింది. లొరెటా ఒక గుక్క తాగింది.

"చూశావా," అంది ముసుగు, "ఎంత నిశ్శబ్దంగా ఉన్నానో! ఆ రోజుల్లోనైతే ఆరు వారాలు..."

లొరెటా ముసుగు లాగేసి డ్వేన్ చేతిలో పెట్టింది. "శనివారం ఊరేగింపుకి తొమ్మిదింటికల్లా వచ్చెయ్."

డ్వేన్ మాట్లాడకుండా తలూపాడు.